నర్సింగా? ఇంజనీరింగా? జీతాల లెక్క చూద్దాం

పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే ఆడపిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఒకటే చర్చ. ఎంపీసీయా, బైపీసీయా? "బైపీసీ తీసుకుని మెడిసిన్ సీటు రాకపోతే నర్సింగు ఉందిగా" అన్నానో లేదో, పక్కింటి పిన్నిగారు మొహం చిట్లించారు. "ఆ జీతంతో ఏం బతుకుతుందమ్మా? ఇంజనీరింగే నయం" అన్నారు. ఈ మాటలో నిజమెంతో చూద్దామని లెక్కలు తీశాను.

బీఎస్సీ నర్సింగైనా, బీటెక్ అయినా చదువు నాలుగేళ్లే. ముందు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల సంగతి. 2016 జనవరి నుంచి అమలైన ఏడో వేతన సంఘం స్టాఫ్ నర్సు మూలవేతనాన్ని రూ.44,900తో మొదలుపెట్టింది. డిప్లొమాతో చేరే జూనియర్ ఇంజనీరుకు ఇచ్చింది రూ.35,400. ఇక్కడ నర్సుదే పైచేయి! బీటెక్ తర్వాత యూపీఎస్సీ పరీక్ష గట్టెక్కి గ్రూప్-ఎ ఇంజనీరు అయితే రూ.56,100. కానీ ఆ పోస్టులు దేశం మొత్తానికి ఏటా కొన్ని వందలే.

ప్రైవేటులో కథ తిరగబడుతుంది. పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలు కొత్తవారికి ఏళ్ల తరబడి ఇస్తున్నది ఏడాదికి మూడున్నర లక్షలకు అటూ ఇటూ. అయితే అనుభవంతో అది బాగా పెరుగుతుంది. నర్సు జీతం అలా పెరగదు. 2016లో సుప్రీంకోర్టు చెప్పాక కేంద్రం ఓ నిపుణుల కమిటీ వేసింది. 50 పడకల లోపు ఆస్పత్రిలోనైనా నెలకు రూ.20 వేలకు తగ్గకూడదని, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సులతో సమానంగా ఇవ్వాలని ఆ కమిటీ సిఫార్సు చేసింది. సిఫార్సు చట్టం కాదు కదా! చాలాచోట్ల అది కాగితాల మీదే ఉండిపోయింది.

సముద్రం దాటితే మళ్లీ లెక్క మారుతుంది. అమెరికా ప్రభుత్వ గణాంకాల ప్రకారం 2023 మేలో రిజిస్టర్డ్ నర్సు మధ్యస్థ వార్షిక వేతనం 86,070 డాలర్లు. సివిల్ ఇంజనీరుకు 95,890. తేడా పదోవంతే! అయితే అక్కడ నర్సుగా చేయాలంటే ఎన్‌క్లెక్స్ పరీక్ష పాసవ్వాలి. జర్మనీ వెళ్లాలంటే జర్మన్ భాష రావాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు ఆ భాష నేర్పించి పంపుతోంది.

నాకు అర్థమైంది ఒక్కటే. నర్సు పని చవకది కాదు. రోగి పక్కన రాత్రంతా మేలుకుని చేసే అదే పనికి ప్రభుత్వాసుపత్రి ఒక ధర కడుతోంది, వీధి చివరి నర్సింగ్ హోము మరో ధర కడుతోంది. ఆడవాళ్ల సేవకు ఎంతిచ్చినా చాలుననే ధోరణే దీనికి మూలమని నాకనిపిస్తుంది.

కాబట్టి అమ్మలూ, కోర్సు పేరు చూసి తేల్చేయకండి. కాలేజీకి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందా? క్లినికల్ శిక్షణ ఏ ఆస్పత్రిలో, ఎన్ని పడకలు? ఉద్యోగంలో చేరేటప్పుడు బాండ్ రాయించుకుంటారా, ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకుంటారా? ఇంజనీరింగైతే కిందటేడు ఎందరికి, ఎంత జీతానికి ఉద్యోగాలొచ్చాయి? ఇవన్నీ ఫీజు కట్టకముందే అడగండి. అన్నిటికంటే ముందు, రక్తం చూస్తే భయమో, లెక్కలంటే భయమో మీ అమ్మాయినే అడగండి.