హరికథ కంప్యూటరులోకి ఎట్లు చేరును?

వేసవి దినములలో చిత్తూరు ప్రాంతపు పల్లెలకు వెళ్లినవారికి ద్రౌపదీ సమేత ధర్మరాజస్వామి ఆలయముల యెదుట జరుగు మహాభారత ఉత్సవములు పరిచితములే. పగలు హరిదాసు భారతకథ చెప్పును. రాత్రి అదే కథను నటులు తెల్లవారువరకు ఆడుదురు. అర్జునుడు తపస్సు మాను ఎక్కును. తుది దినమున నేలపై మట్టితో మలచిన దుర్యోధనుని పెద్ద బొమ్మ చుట్టును గదాయుద్ధము సాగును. పిదప భక్తులు నిప్పులగుండము త్రొక్కుదురు. కథ గ్రంథములో దొరకవచ్చును. కాని కథకుని గమకము, విరుపు, జనమును చూచి అప్పటికప్పుడు చేర్చు పలుకు గ్రంథములో దొరకవు. అవి అతని కంఠముతో వచ్చి, అతనితోనే పోవును.

పుంగనూరులో జన్మించిన సంగీత విద్వాంసుడు చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్ళ పాడిన ‘మధురానగరిలో’ పాట గ్రామఫోను రికార్డు మూలముననే దేశమంతట వినబడినది. నిమిషమునకు 78 చుట్లు తిరుగు ఆ రికార్డులో ఒక ప్రక్కన సుమారు 3 నిమిషముల పాట మాత్రమే పట్టెడిది. 3 గంటల హరికథను ఆ విధముగా భద్రపరచవలెనన్నచో 60 ప్రక్కలు, అనగా 30 రికార్డులు కావలెను. నేడు అంత పనిని ఒక పాత కంప్యూటరు, ఒక మైకు, వాని రెంటిని కలుపు చిన్నపెట్టె చేయగలవు. ఈ పెట్టెను ఆడియో ఇంటర్‌ఫేస్ అందురు. మనము దీనిని ధ్వనిపెట్టె అని పిలుతము. కంప్యూటరులో లినక్సు ఉన్నప్పుడు ఈ పెట్టె ఎట్లు పనిచేయును? పనిచేయనప్పుడు దోషమును ఎట్లు వెదకవలెను? ఇవి ఈ వ్యాసములోని విషయములు.

శబ్దము అంకెలగుట

హరిదాసు పాడినప్పుడు గాలిలో కంపనములు పుట్టును. మైకులోని పలుచని పొర ఆ కంపనములకు అనుగుణముగా కదలి, అతి స్వల్పమైన విద్యుత్తును పుట్టించును. ధ్వనిపెట్టె మొదట ఈ విద్యుత్తును వృద్ధిచేయును. పిదప దాని పరిమాణమును సెకనుకు 48,000 సార్లు కొలిచి, ప్రతి కొలతను ఒక అంకెగా వ్రాయును. ఈ కొలతలకు నమూనాలని పేరు. ఒక కంపనమును గుర్తించుటకు కనీసము రెండు నమూనాలకంటె ఎక్కువ కావలెను. మానవుని చెవి సెకనుకు సుమారు 20,000 కంపనములవరకే వినగలదు. కావున 48,000 నమూనాలు మనకు చాలును.

కొలబద్దపై గీతలు ఎంత దగ్గరగా ఉన్నచో కొలత అంత సూక్ష్మమగును. 16 బిట్ల అంకెకు 65,536 మెట్లు కలవు. 24 బిట్ల అంకెకు 1,67,77,216 మెట్లు కలవు. మెల్లగా పలికిన మాట కూడ చెడకుండుటకు 24 బిట్లు అనుకూలము. ఒకే మైకుతో ఈ కొలతలో 3 గంటలు రికార్డు చేసినచో సుమారు 155 కోట్ల బైట్లగును. ఆనాటి 30 రికార్డుల బరువు నేడు బొటనవ్రేలంత పెన్‌డ్రైవులో ఒక మూలకు సరిపోవుచున్నది.

ఒప్పందమే తాళపుచెవి

ఈ అంకెలు యు.యస్.బి. తీగద్వారా కంప్యూటరును చేరవలెను. లోకములో ధ్వనిపెట్టెలను చేయు సంస్థలు అనేకము. ప్రతి సంస్థయు తన భాషలో మాటాడినచో, ప్రతి పెట్టెకును కంప్యూటరులో ఒక దుబాసీ, అనగా డ్రైవరు అను ప్రత్యేక ప్రోగ్రాము కావలసియుండెడిది. ఆ ప్రోగ్రామును వ్రాసి ఇచ్చునట్టి సంస్థలు లినక్సు నుపయోగించువారిని తరచు మరచుచుండును. ఈ చిక్కును తీర్చినది 1998లో ప్రకటింపబడిన యు.యస్.బి. ఆడియో తరగతి నిబంధన. ధ్వని సాధనము తన్ను తాను ఎట్లు పరిచయము చేసికొనవలెను, ఎన్ని మైకులు కలవని ఎట్లు చెప్పవలెను, నమూనాలను ఏ వరుసలో పంపవలెను అను విషయములు ఆ నిబంధనలో బహిరంగముగా వ్రాయబడినవి.

లినక్సు కేంద్రభాగమునకు కెర్నెల్ అని పేరు. ఫిన్లండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ దీనిని 1991లో ప్రారంభించెను. ఇందు ధ్వనికి సంబంధించిన విభాగము ఆల్సా. 1998లో చెక్ దేశస్థుడైన యారొస్లావ్ కిసెలా దీనిని మొదలుపెట్టెను. ఆల్సాలో యు.యస్.బి. ధ్వనిపెట్టెల కన్నిటికిని కలిపి ఒకే డ్రైవరు కలదు. నిబంధనను పాటించు పెట్టె ఏ దేశమున తయారైనను, దాని నిర్మాత లినక్సు పేరు విననివాడైనను, తీగ తగిలించిన వెంటనే అది పనిచేయును. నిబంధననుండి కొంచెము తొలగిన పెట్టెలకై ఆ డ్రైవరులో ఒక అపవాదముల పట్టిక కూడ కలదు. వ్యాకరణములో సూత్రము, అపవాదము ఉన్నట్లే ఇదియును. ఈ పట్టికలో పెక్కు భాగము ఆ పెట్టెలను కొని, అవి పనిచేయక, కారణము కనుగొన్నవారు చేర్చినదే.

కావున పెట్టెను కొనునప్పుడు అడుగవలసిన ప్రశ్న “ఇది లినక్సులో పనిచేయునా?” అనునది కాదు. దుకాణదారునకు ఆ సంగతి తెలియకపోవచ్చును. “ఇది ఆడియో తరగతి నిబంధనను పాటించునా? ప్రత్యేక డ్రైవరు లేకుండ పనిచేయునా?” అని అడుగవలెను.

మెట్టు మెట్టుగా వెదకుట

పెట్టె తగిలించితిమి, శబ్దము రాలేదు. ఏమి చేయవలెను? చేను తడియనప్పుడు రైతు బావివద్దనుండి కాలువ వెంబడి నడచి, నీరు ఎచ్చట ఆగినదో చూచును. మనమును అట్లే శబ్దపు దారి వెంబడి నడువవలెను.

మొదటి మెట్టు తీగ. టెర్మినల్ అను కిటికీని తెరచి, ఎల్, ఎస్, యు, ఎస్, బి అను ఐదు ఇంగ్లీషు చిన్నక్షరములను ఎడము లేకుండ టైపుచేసి ఎంటర్ మీట నొక్కవలెను. కంప్యూటరుకు తగిలించిన యు.యస్.బి. సాధనముల పేర్లు వరుసగా వచ్చును. అందు మన పెట్టె పేరు లేనిచో దోషము లినక్సుది కాదు. కొన్ని తీగలు ఫోనుకు చార్జింగు ఎక్కించుటకే పనికివచ్చును. వానిలో సమాచారము పోవు తంతులుండవు. సాధారణ యు.యస్.బి. 2.0 రంధ్రము 5 వోల్టుల వద్ద అర ఆంపియరు మాత్రమే ఇచ్చును. పలు సాధనములను ఒకే హబ్బునకు తగిలించినచో పెట్టెకు విద్యుత్తు చాలకపోవచ్చును. తీగ మార్చి, పెట్టెను నేరుగా కంప్యూటరుకే తగిలించి చూడవలెను.

రెండవ మెట్టు కెర్నెల్. రికార్డ్ అను ఇంగ్లీషు పదమునకు ముందు ‘ఏ’ అక్షరము చేర్చి, ఒక ఎడము విడిచి, అడ్డగీతయు దాని ప్రక్కన ‘ఎల్’ అక్షరమును టైపుచేయవలెను. శబ్దమును పట్టగల సాధనముల పట్టిక వచ్చును. మొదటి పట్టికలో ఉండి ఇందు లేని పెట్టె నిబంధనను పాటించనిదై యుండవచ్చును. లేదా దానికి రెండు వేషములు ఉండవచ్చును. కొన్ని పెట్టెలు మొదటిసారి తగిలించినప్పుడు పెన్‌డ్రైవువలె కనబడును. కొన్నింటిలో నిబంధన వేషమునకు మార్చు మీట ఉండును. పెట్టెతో వచ్చిన పుస్తకములో ఆ సంగతి వ్రాసియుండును.

మూడవ మెట్టు పంపిణీదారుడు. ఒకే కంప్యూటరులో పలు ప్రోగ్రాములు శబ్దమును కోరుచుండును. వానికి పంచిపెట్టు పనిని ఇటీవలి లినక్సులలో పైప్‌వైర్ అను ప్రోగ్రాము చేయుచున్నది. పెట్టె రెండవ పట్టికలో కనబడియు శబ్దము రానిచో, కారణము తరచు మిక్కిలి చిన్నది: కంప్యూటరు తన లోపలి మైకునే వినుచుండును. సెట్టింగులలో ధ్వని విభాగమును తెరచి, ఇన్‌పుట్ అను చోట మన పెట్టె పేరును ఎన్నుకొనవలెను. పిదప అడాసిటీ వంటి రికార్డింగు ప్రోగ్రాములో కూడ అదే పేరు ఉన్నదా యని చూడవలెను.

నాలుగవ మెట్టు మైకు. కండెన్సర్ రకపు మైకులకు పెట్టెనుండి 48 వోల్టుల విద్యుత్తు అందవలెను. పెట్టెపై ‘48’ అని వ్రాసిన మీట అందులకే. పిదప వృద్ధిని నిర్ణయించు గుండ్రని మీటను సరిచేయవలెను. ఇచ్చట తొందర కూడదు. మెట్లన్నియు అయిపోయిన పిదప అంకె ఇక పెరుగదు. దాసుగారు ఎలుగెత్తి పాడినప్పుడు తరంగపు శిఖరము తెగిపోవును. తెగిన శిఖరమును పిదప ఎవరును అతికింపలేరు. మిక్కిలి బిగ్గరగా పలికినప్పుడు కూడ కొలత -12 డెసిబెల్‌లను దాటకుండునట్లు ఉంచవలెను. ఇది గరిష్ఠ పరిమాణములో సుమారు నాలుగవ వంతు. మిగిలిన మూడు వంతులు భీముని గర్జనకు విడిచిపెట్టిన చోటు.

తొట్టి కథ

శబ్దము వచ్చినది, కాని నడుమ నడుమ టిక్కు టిక్కుమని చప్పుడు. దీని కారణము తెలిసికొనదగినది.

పూర్వము మన బావులపై కపిల తోలెడివారు. కపిల బాన పైకి వచ్చినప్పుడెల్ల నీరు ఒక్కసారిగా తొట్టిలో పడెడిది. కాలువలోనికి మాత్రము నీరు ఎడతెగక పారెడిది. ఎడ్లు ఆలస్యము చేసి తొట్టి ఎండినచో కాలువ తెగెడిది. కంప్యూటరు పాట వినిపించునప్పుడు జరుగునది ఇదియే. రికార్డు చేయునప్పుడు క్రమము తారుమారగును: ధ్వనిపెట్టె ఊటవలె ఎడతెగక అంకెలను తొట్టిలో పోయుచుండును, కంప్యూటరు తక్కిన పనుల నడుమ అప్పుడప్పుడు వచ్చి కుండతో ముంచుకొనిపోవును. కంప్యూటరు రాక ఆలస్యమైనచో తొట్టి పొరలి, అంకెలు నేలపాలగును. మన చెవికి అదే టిక్కు.

ఈ తొట్టికి బఫరు అని పేరు. యు.యస్.బి. 1.1 వేగములో తీగపై సెకనుకు 1,000 సార్లు మూటలు కదలును. ఒక్కొక్క మూటలో 48 నమూనాలుండును. చెడిన మూటను తిరిగి పంపుట లేదు, ఏలననగా ధ్వనిలో ఆలస్యముగా వచ్చినది రానిదానితో సమానము. 256 నమూనాల తొట్టి సెకనులో 190వ వంతు కంటె కొంచెము ఎక్కువ కాలములో నిండును. 1,024 నమూనాల తొట్టి నిండుటకు సుమారు 21 మిల్లీసెకనులు పట్టును. తొట్టి పెద్దదైనచో పొరలదు, కాని శబ్దము ఆలస్యమగును. గాయకుడు తన గొంతును కంప్యూటరుద్వారా వినుచు పాడవలెనన్న తొట్టి చిన్నదిగా ఉండవలెను. హరికథను ఊరక పట్టుకొనుటకు ఆలస్యముతో పనిలేదు. కావున పెద్ద తొట్టినే ఎన్నుకొని, తక్కిన ప్రోగ్రాములను మూసి, ఇంటర్‌నెట్‌ను ఆపి కూర్చుండవలెను.

పాఠశాలలో ఒక ప్రయోగము

రెండు మైకులుగల పెట్టె ఉన్నచో ఉత్సవమునకు ముందు దానిని ఇట్లు పరీక్షింపవచ్చును. రెండు మైకులను 3.5 మీటర్ల దూరమున నిలుపుడు. ఆ రెంటిని కలుపు రేఖపైననే, మొదటి మైకుకు వెలుపలి ప్రక్కన నిలిచి ఒక విద్యార్థి చప్పట్లు కొట్టవలెను. రికార్డును అడాసిటీలో పెద్దదిచేసి చూచినచో రెండవ మైకులో చప్పుడు సుమారు 480 నమూనాలు వెనుకబడి కనబడును. 480ని 48,000తో భాగించినచో సెకనులో నూరవ వంతు. ఆ కాలములో ధ్వని 3.5 మీటర్లు పోయినది. కనుక దాని వేగము సెకనుకు 350 మీటర్లు. మన వేసవి గాలిలో ధ్వని వేగము దీనికి చాల దగ్గర. రెండు మైకులు ఒకే పెట్టెకు తగిలియుండుట ముఖ్యము, ఏలననగా వేరువేరు పెట్టెలలోని గడియారములు కచ్చితముగా కలిసి నడువవు. పదిలక్షలకు 50 పాళ్ల భేదమున్నను 3 గంటలలో అర సెకను తేడా వచ్చును.

రాత్రి నాటకమును రికార్డు చేయువారికి మరియొక హెచ్చరిక. వేవ్ అను సాధారణ రూపములో ఒక ఫైలు 4 గిగాబైట్లకు మించదు. రెండు మైకులతో, 24 బిట్లతో పట్టినచో సుమారు 4 గంటలకే ఆ హద్దు వచ్చును. నాటకము మాత్రము కోడికూతవరకు సాగును. కావున ప్రతి అంకము చివరను ఆపి, క్రొత్త ఫైలు తెరువవలెను.

ముందుగా కథకుని అనుమతి పొందుడు. ఒక నిమిషము పట్టి, వినిచూచి, పిదప అసలు పని మొదలుపెట్టుడు. ముగిసినవెంటనే కథకుని పేరు, ఊరు, తేది, కథాభాగము వ్రాసి ఫైలుతో చేర్చుడు. ఒక ప్రతి కంప్యూటరులో, ఒకటి బయటి డ్రైవులో, ఒకటి వేరొక యింటిలో ఉంచుడు. కథకునకు కూడ ఒక ప్రతి నిచ్చుట మన ధర్మము. దుర్యోధనుని మట్టిబొమ్మను వచ్చే వేసవిలో మరల మలచుదురు. ఈ వేసవి పాడిన దాసుగారు అప్పటికి పాడగలరో లేదో ఎవరు చెప్పగలరు?