పెద్దక్షరాల ఇంగ్లీషు

భీమ్‌గల్ బస్టాండు దగ్గర నేను రోజూ టీ తాగే హోటలుకు ఒక ఇంగ్లీషు పేపరు వస్తుంది. దాన్ని చదివేవాళ్ళకంటే దానిలో మిర్చి బజ్జీలు కట్టించుకుపోయేవాళ్ళే యెక్కువ. 2024 జూలైలో ఒకనాటి పొద్దున ఆ పేపరు ముందు ఒక కుర్రవాడు కూర్చుని, పెద్దక్షరాల మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ కనిపించాడు. బీహారు నుంచి వచ్చి యిక్కడి రైస్ మిల్లులో హమాలీ పని చేస్తున్నాడట. హిందీలో పదో తరగతి దాకా చదువుకున్నాడు. ఇంగ్లీషు అక్షరాలు వచ్చు. మాటలే రావు.

నేను ఒకప్పుడు ఇంగ్లీషు పంతుల్నని హోటలాయన చెప్పినట్టున్నాడు, లేచి నిలబడ్డాడు.

"మాస్టర్ సాబ్, రో అంటే వరుస కదా? నీళ్ళ కోసం రెండు రాష్ట్రాలు వరుసలో నిలబడటమేమిటి?" అని తనకు వచ్చిన తెలుగులో, రానిచోట హిందీలో అడిగాడు.

"అది రో కాదు బేటా, రౌ. అంటే జగడం. అక్షరాలు మూడూ అవే. వరుసైతే రో, తగవైతే రౌ" అన్నాను.

పొయ్యి దగ్గర నుంచి హోటలాయన అందుకున్నాడు: "నల్లా కాడ వరుసల నిలబడ్డంకనే లొల్లి సురువైతది గద సారూ. రెండూ ఒక్కటే!"

అందరం నవ్వుకున్నాం. కాని యింటికి వెళ్ళేటప్పుడు నాకు కొంచెం సిగ్గు వేసింది. ఏళ్ళ తరబడి ఇంగ్లీషు పాఠాలు చెప్పాను. నా దగ్గర చదివినవాళ్ళు వాక్యాన్ని కర్తరి నుంచి కర్మణికి మార్చగలరు. మార్చి మళ్ళీ యథాస్థానంలో పెట్టగలరు. అయితే వాళ్ళలో ఎంతమంది ఒక ఇంగ్లీషు పేపరు తీసి, పై వరసలో వున్న ఆరు మాటలకు అర్థం చెప్పగలరు? పుస్తకంలోని ఇంగ్లీషు వేరు, పెద్దక్షరాల ఇంగ్లీషు వేరు. ఈ రెండోదాన్ని మా బడుల్లో ఎవరూ నేర్పరు.

ఇది వేరుగా ఎందుకు తయారైందంటే, కారణం వ్యాకరణం కాదు, స్థలం. పేపరు కాలమ్ వెడల్పు యింత అని వుంటుంది. శీర్షిక పెట్టే ఉపసంపాదకుడు అక్షరాలు లెక్కపెట్టుకోవాలి. అనుమతి అనే అర్థంలో పర్మిషన్ అని వ్రాస్తే ఇంగ్లీషులో పది అక్షరాలు. తల వూపటమనే అర్థమున్న నాడ్ అయితే మూడే. ఇన్వెస్టిగేషన్‌కు పదమూడు, ప్రోబ్‌కు అయిదు. కాంట్రవర్సీకి పదకొండు, మన రౌకు మూడు. ఎలక్షన్స్ తొమ్మిది, పోల్స్ అయిదు. రెలెటివ్స్ తొమ్మిది, కిన్ మూడు. ఇరుకు గదిలో సర్దుకున్న సంసారం లాగా, పొట్టి మాటలన్నీ వచ్చి శీర్షికలో చేరాయి. పొడుగువి కింద వార్తలో కాళ్ళు చాపుకున్నాయి.

మాటలతోపాటు వ్యాకరణాన్నీ కుదించారు. ఎ, ఆన్, ది అనేవి శీర్షికలో సాధారణంగా కనపడవు. ఈజ్, ఆర్, వాజ్‌లూ అంతే. నిన్న జరిగిపోయిన పనిని వర్తమాన కాలంలో చెబుతారు. "మినిస్టర్ విజిట్స్ ఆర్మూర్" అంటే మంత్రిగారు నిన్ననే వచ్చి వెళ్ళిపోయారు. "మినిస్టర్ టు విజిట్ ఆర్మూర్" అంటే యింకా రావలసి వుంది. "టూ హెల్డ్" అంటే యిద్దరిని పట్టుకున్నారు. "మీట్ హెల్డ్" అంటే సభ జరిగింది. ఈ నాలుగూ తెలిస్తే సగం శీర్షికలు వాటంతట అవే విప్పుకుంటాయి.

మర్నాటి నుంచి ఆ కుర్రవాడు రోజూ నా పక్కన కూర్చోవటం మొదలుపెట్టాడు. మిల్లుకు వెళ్ళేలోగా పావుగంట. పాఠ్యపుస్తకం లేదు, రుసుము లేదు. టీ డబ్బులు మాత్రం ఒకనాడు నేను, ఒకనాడు అతను.

హిందీ వచ్చినవాడికి ఇంగ్లీషు శీర్షికను తెలుగు దేశంలో నేర్పటం కష్టమని మొదట అనుకున్నాను. తీరా చూస్తే మా జిల్లాలో అంత తేలిక మరెక్కడా వుండదు. 1948 దాకా యిది నిజాం రాజ్యం. కచేరీ భాష ఉర్దూ. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో శాస్త్రాలు కూడా ఉర్దూలోనే చెప్పేవారు. ఆ మాటలు యిప్పటికీ మా నోళ్ళలోనూ, తెలుగు పేపర్ల పెద్దక్షరాల్లోనూ వున్నాయి. మంజూరు అంటే అతనికీ తెలుసు, నాకూ తెలుసు: ఇంగ్లీషులో నాడ్, లేదా క్లియర్స్. రద్దు అంటే స్క్రాప్స్. జప్తు అంటే సీజెస్. మాఫీ అంటే వేవర్. ఆ జూలైలోనే రాష్ట్రంలో రైతుల రుణమాఫీ మొదలయింది గనుక లోన్ వేవర్ అనే మాట ప్రతిరోజూ పేపర్లో వుండేది. చెయ్యి వూపే వేవ్ వేరు, బాకీ వదిలేసే వేవ్ వేరు, చెవికి ఒకటే అయినా స్పెల్లింగు వేరని అతని చేత నోటు పుస్తకంలో వ్రాయించాను.

ఒక్క మాట దగ్గర మాత్రం యిద్దరం తగవు పడ్డాం. తెలుగు పేపర్లో వాయిదా అని చూసి, "ఎవరో మాట యిచ్చారన్నమాట" అన్నాడు. హిందీలో వాయదా అంటే వాగ్దానం. మనకు వాయిదా అంటే తర్వాత చూద్దాంలే అని. ఒకే ఉర్దూ మాట రెండు భాషల్లో రెండు దారులు పట్టింది. హోటలాయన యీసారి నవ్వలేదు. "మా బావమరిది బోధన్ ఫ్యాక్టరీల పని చేసిండు సారూ. ఆ మాటకు రెండు అర్థాలు లెవ్వు" అన్నాడు.

ఆయన బాధ తెలిసినవాళ్ళకు తెలుసు. బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీని 1937లో స్థాపించారు. ఆసియాలోకెల్లా పెద్దదని ఒకప్పుడు పేరు. కార్మికుల కోసం వెలసిన శక్కర్‌నగర్ దాని పేరుతోనే బతికింది. 2002లో ప్రైవేటు భాగస్వామ్యం కిందికి వెళ్ళింది. 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, మెదక్ యూనిట్లు మూడింటికీ లేఆఫ్ ప్రకటించారు. మళ్ళీ తెరిపించే సంగతి చూడమని 2024 జనవరిలో ప్రభుత్వం ఒక మంత్రివర్గ ఉపసంఘాన్ని వేసింది. నడుమ యేళ్ళలో ఆ ఫ్యాక్టరీ మీద వచ్చిన శీర్షికల్లోని క్రియలను వరసగా వ్రాస్తే చిన్న పాఠమవుతుంది: సీక్ అంటే కోరటం, వౌ అంటే ఒట్టు పెట్టుకోవటం, అష్యూర్ అంటే అభయమివ్వటం, మల్ అంటే ఆలోచించటం.

ఈ మల్ అనే మాటను మన దేశపు ఇంగ్లీషు పేపర్లు యెంతగానో వాడతాయి. "గవర్నమెంట్ మల్స్" అంటే ప్రభుత్వం ఆలోచిస్తున్నది. అంతే. ఉత్తర్వు లేదు, డబ్బు లేదు, తేదీ లేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెతను ఇంగ్లీషులో నాలుగక్షరాలకు కుదిస్తే మల్ అవుతుంది!

దీనికి ఎదురుగా మా పసుపు కథ పెట్టి చూడండి. భీమ్‌గల్, ఆర్మూరు, బాల్కొండ చుట్టుపక్కల పసుపు ముఖ్యమైన పంట. పసుపు బోర్డు కావాలని, మద్దతు ధర కావాలని 2019 లోక్‌సభ యెన్నికల్లో రైతులే నామినేషన్లు వేశారు. నిజామాబాద్ స్థానంలో 185 మంది అభ్యర్థులు నిలబడితే, వారిలో 170 మందికి పైగా రైతులే. బరిలో వున్నారనటానికి ఇంగ్లీషు పేపర్ల మాట ఇన్ ఫ్రే. అప్పటి క్రియ సీక్. 2023 అక్టోబరు 1న ప్రధానమంత్రి మహబూబ్‌నగర్ సభలో బోర్డు యేర్పాటు చేస్తామన్నారు: క్రియ అనౌన్స్. ఆ వారంలోనే కేంద్రం నోటిఫికేషన్ యిచ్చింది: నోటిఫై. 2025 జనవరి 14న బోర్డు ప్రారంభం: లాంచ్. జూన్ 29న నిజామాబాద్‌లో దాని ప్రధాన కార్యాలయం తెరిచారు: ఇనాగరేట్. ఆరేళ్ళలో ఒక కోరిక ఎక్కిన మెట్లివి. పంట ధర సంగతి వేరే ముచ్చట. నేను చెప్పేది క్రియల సంగతి.

అందుకే శీర్షికలో నామవాచకాలను చూసి సంతోషపడవద్దని నా సలహా. మన వూరి పేరు, మన పంట పేరు పెద్దక్షరాల్లో కనపడగానే కళ్ళు అక్కడే ఆగిపోతాయి. ఆగవలసిన చోటు క్రియ. ఆశకూ, అందినదానికీ మధ్య ఎంత దూరమున్నదో చెప్పేది అదే.

ఇంకొక ధైర్యం కూడా అతనికి చెప్పాను. ఇంగ్లీషు పరాయిదని జంకవద్దు, అందులో మన సొమ్ము చాలా వున్నది. షుగర్ అనే మాట మన శర్కరే. పారశీకంలో షకర్ అయి, అరబ్బీలో సుక్కర్ అయి, ఐరోపా దాకా వెళ్ళింది. శక్కర్‌నగర్‌లో షుగర్ ఫ్యాక్టరీ అంటే ఒకే మాటను రెండుసార్లు పలికినట్టే! క్యాండీ వెనక ఖండశర్కరలోని ఖండమున్నది. లూట్, థగ్ హిందీవి. బాండికూట్ అయితే అచ్చమైన మన పందికొక్కు. ధర్నా, బంద్, ఘెరావ్‌లను మన దేశపు ఇంగ్లీషు పేపర్లు అనువదించనే అనువదించవు. పందికొక్కు మనదని తెలిసిన రోజు ఆ కుర్రవాడు మిల్లులో అందరికీ చెప్పాడట. వాళ్ళకు అక్కడ వాటితో రోజూ పరిచయమే.

మా పద్ధతి చాలా చిన్నది. రోజుకు ఒక్క శీర్షిక. నోటు పుస్తకంలో మూడు వరసలు. మొదటి వరసలో శీర్షిక వున్నదున్నట్టు. రెండో వరసలో, తీసేసిన ఎ, ది, ఈజ్‌లన్నీ పెట్టి పూర్తి వాక్యం. మూడో వరసలో సొంత భాషలో అర్థం. అతను హిందీలో వ్రాస్తాడు. మీరు తెలుగులో వ్రాసుకోవచ్చు. రోజుకు మూడు కొత్త మాటలు దొరికినా నెలకు తొంభై. అదే వార్తను మన భాష పేపర్లో కూడా చూస్తే నిఘంటువుతో పని తగ్గుతుంది. హిందీవాళ్ళకు హైదరాబాదులో 1950లో మొదలైన హిందీ మిలాప్ వుంది, ఉర్దూవాళ్ళకు 1949లో మొదలైన సియాసత్ వుంది.

ఒక్కటే షరతు. శీర్షిక చదివి లేచిపోకూడదు. కింది వార్తలో మొదటి పేరా చదివి, మన అర్థం సరిగా వున్నదా అని చూసుకోవాలి. శీర్షికలు తప్పటం కూడా లోకంలో వున్నదే. 1948 నవంబరు 3న అమెరికాలో షికాగో ట్రిబ్యూన్, ట్రూమన్‌ను డ్యూయీ ఓడించాడని పెద్దక్షరాల్లో అచ్చువేసింది. గెలిచినవాడు ట్రూమన్! ఆ పేపరు చేతబట్టుకుని నవ్వుతూ ఆయన తీయించుకున్న ఫోటో జగత్ప్రసిద్ధం.

ఈ షరతు ఆ కుర్రవాడికి ఎంత అవసరమో నాకు ఆగస్టులో గాని తెలియలేదు. ఒకనాడు పేపరు మడత పెట్టి తెచ్చి, నోరు విప్పకుండా ఒక శీర్షిక చూపించాడు. వీసా గడువు దాటినవాళ్ళకు యూఏఈ ఆమ్నెస్టీ యివ్వబోతున్నదని అందులో వున్నది. "ఆమ్నెస్టీ అంటే?" అన్నాడు. "మీ భాషలో ఆమ్ మాఫీ" అన్నాను. అతని ముఖం మారిపోయింది. అన్న షార్జాలో వున్నాడట. పనిచేసిన చోటు మూతపడి, వీసా అయిపోయి, జరిమానా దినదినానికీ పెరిగిపోతూ, యింటికి రాలేక రెండేళ్ళుగా దాక్కుని బతుకుతున్నాడట. మా వూళ్ళలో యిలాంటి కథ వినని గడప తక్కువ.

అప్పుడే ఫోన్ తీయబోతే ఆపాను. "శీర్షికలో టు వున్నది చూడు. ఇంకా మొదలు కాలేదు. తేదీ ఎక్కడున్నదో కింద వెతుకు" అన్నాను. వెతికాడు. సెప్టెంబరు 1 నుంచి రెండు నెలలు. జరిమానాలు వేవ్డ్ అని వున్నచోట నేను చెప్పకముందే, "మాఫ్!" అన్నాడు. రైతుల బాకీ మీద నేర్చుకున్న మాట అన్న జరిమానా మీద అక్కరకు వచ్చింది.

కాని అన్న దగ్గర పాస్‌పోర్టు లేదు. దానికి బదులు కాగితాలు తెచ్చుకునేలోగా అక్టోబరు 31 వచ్చేసింది. గడువు తీరిపోయిందనుకుని యింట్లోవాళ్ళు ఏడ్చి వూరుకున్నారు. దీపావళి వెళ్ళిన కొద్ది రోజులకు కుర్రవాడు హోటలుకు పరుగెత్తుకుని వచ్చాడు. ఈసారి అడగటానికి కాదు, చెప్పటానికి. నోటు పుస్తకంలో మూడు వరసలూ అప్పటికే వ్రాసి వున్నాయి. యూఏఈ ఆమ్నెస్టీని డిసెంబరు 31 దాకా పొడిగించింది.

"క్రియ ఎక్స్‌టెండ్స్, మాస్టర్ సాబ్. టు లేదు, మల్స్ లేదు. అయిపోయిన పనే కదా?"

"కింద చదివావా?"

"రెండుసార్లు చదివాను. అన్నకు ఫోన్ కూడా చేసేశాను."

డిసెంబరులో అన్న పాట్నా చేరాడు. ఆ రోజు టీ డబ్బులు నా వంతు అయినా అతను యివ్వనివ్వలేదు.

ఆ నోటు పుస్తకం నేను తిరగేసి చూశాను. ప్రతి పేజీలోనూ మూడు వరసలూ నిండి వున్నాయి. ఒక్క పేజీలో మాత్రం పైన నిజాం షుగర్స్ అని పేరు వ్రాసి, పక్కన జాగా వదిలిపెట్టాడు. ఇదేమిటంటే, "హోటల్ చాచా కోసం. క్రియ వచ్చినప్పుడు వ్రాస్తాను" అన్నాడు.