లెమింగ్‌ల వెంట తిరిగే తెల్ల గుడ్లగూబ

గుడ్లగూబ అనగానే మనకు చెట్టు తొర్ర, పాడుబడ్డ గోడ, చీకటి గుర్తొస్తాయి. ఆర్కిటిక్‌లో ఉండే మంచు గుడ్లగూబ బతుకులో వాటికి పెద్దగా చోటు లేదు. అది పిల్లల్ని పెంచే టండ్రాలో చెట్లుండవు. అక్కడ వేసవిలో వారాల తరబడి పొద్దు గుంకదు. అందుకే అది పట్టపగలు వేటాడుతుంది, నేల మీదే గుడ్లు పెడుతుంది.

మగపక్షి వయసు పెరిగేకొద్దీ తెల్లబడి, చివరికి దాదాపు మచ్చలేని తెలుపుకు వస్తుంది. ఆడదాని ఒంటి నిండా ముదురు గోధుమరంగు చారలు. ఈ తేడా చూసి 1758లో జీవులను వర్గీకరించిన శాస్త్రవేత్త లినేయస్ ఆడామగలను రెండు వేరు జాతులుగా నమోదు చేశాడు. గుడ్లు పొదిగేది ఆడదే. మంచు కరిగి రాయీ నాచూ బయటపడిన నేల మీద ఆ చారలు దానికి మంచి మాటు. బరువులోనూ ఆడదే పెద్దది, రెండు కిలోలు దాటుతుంది. పసుపు కళ్లు, ఈకల్లో సగం మునిగిన ముక్కు, వేళ్ల దాకా దట్టంగా ఈకలు కప్పిన కాళ్లు ఇద్దరికీ ఒకటే.

చలిని ఆ ఈకలు ఆపుతాయి. ఈ పక్షి బతుకును నడిపేది మాత్రం లెమింగ్, అరచేతిలో పట్టేంత ఎలుక జాతి జంతువు. లెమింగ్‌ల సంఖ్య చాలాచోట్ల మూడు నుంచి అయిదేళ్లకోసారి విపరీతంగా పెరిగి, వెంటనే కూలిపోతుంది. అవి పుష్కలంగా ఉన్న ఏడు గూట్లో పదకొండు గుడ్ల దాకా ఉండవచ్చు. లేని ఏడు అసలు గుడ్లే పెట్టకపోవచ్చు. సుమారు రెండు రోజులకొక గుడ్డు పెడుతూ, మొదటిదాని నుంచే పొదగడం మొదలుపెడుతుంది కాబట్టి ఒకే గూట్లో నిన్న పుట్టిన పిల్ల పక్కన రెండు వారాల పిల్ల కనిపిస్తుంది. మూడు వారాలు దాటేసరికి, ఎగరడం రాకముందే, పిల్లలు నడుచుకుంటూ గూడు వదిలేస్తాయి. గూటి దగ్గరకొచ్చే నక్కను తల్లిదండ్రులు వదలవు. ఆ రక్షణ కోసమే రష్యాలోని రాంగెల్ దీవిలో మంచు బాతులు ఈ గూళ్ల చుట్టూ గుడ్లు పెట్టుకుంటాయి. నాకు ఈ పక్షి కథలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే.

లెమింగ్‌లు ఏటా ఒకే చోట పెరగవు. కెనడాలోని బైలాట్ దీవిలో 2007లో కొన్ని ఆడపక్షులకు ఉపగ్రహ ట్రాన్స్‌మిటర్లు కట్టి చూస్తే, ఒక ఏటి గూటికీ మరుసటి ఏటి గూటికీ మధ్య సగటున 700 కిలోమీటర్ల పైనే దూరం తేలింది. చలికాలంలో వాటిలో కొన్ని దక్షిణానికి రాలేదు. సముద్రపు మంచు మీదికి వెళ్లి, గడ్డకట్టని నీటి మడుగుల దగ్గర సముద్రపు బాతుల్ని వేటాడాయి.

2013-14 చలికాలంలో ఇవి ఉత్తర అమెరికా తూర్పు తీరానికి పెద్ద సంఖ్యలో వచ్చాయి, ఫ్లోరిడా దాకా కనిపించాయి. ఆకలికి తాళలేక వచ్చాయనుకున్నారు చాలామంది. పట్టి తూచి చూస్తే ఎక్కువ పక్షులు మంచి ఒంటితో ఉన్నాయి. ముందు వేసవిలో ఉత్తర క్యుబెక్‌లో లెమింగ్‌లు విపరీతంగా పెరిగాయి, గూళ్ల నిండా పిల్లలు లేచాయి. వచ్చినవాటిలో ఎక్కువ ఆ పిల్లలే.

ఇంతలా తిరిగే పక్షిని లెక్కపెట్టడం కష్టం. ఒక్కో ప్రాంతాన్ని విడిగా లెక్కవేసి కూడితే, అవే పక్షులు మళ్లీ మళ్లీ లెక్కలోకి వస్తాయి. ఒకప్పుడు ప్రపంచం మొత్తం మీద రెండు మూడు లక్షలున్నాయనేవారు. ఇప్పుడు పెద్ద పక్షులు 30 వేల లోపే అంటున్నారు. 2017లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీన్ని ముప్పున్న జాతుల జాబితాలో చేర్చింది. తగ్గిన అంకెలో కొంత పాత లెక్క తప్పు సరిదిద్దుకున్నదే. అంతమాత్రాన ఊరట చెందడానికి లేదు. లెమింగ్‌లు చలికాలమంతా మంచు పొర కిందే బతికి, అక్కడే పిల్లల్ని కంటాయి. మధ్యలో మంచు కరిగి మళ్లీ గడ్డకడితే ఆ చోటు ఐసుగడ్డ అయిపోతుంది, మేత అందదు. ఈశాన్య గ్రీన్‌లాండ్‌లో 2000 ప్రాంతం నుంచి లెమింగ్‌లు మునుపటిలా పెరగడం మానేశాయి. అక్కడి గూళ్ల నుంచి ఎగిరే పిల్లలు దాదాపు లేకుండా పోయాయి.