గర్భకోశము తొలగింపబడిన పిమ్మట స్త్రీశరీరము: పావగడ సీమలో ఒక పరిశీలనము

పావగడ తాలూకా పరిపాలనమున కర్ణాటకములోని తుమకూరు జిల్లాకు చెందినదైనను, దాదాపు మూడు వైపుల ఆంధ్రదేశపు పల్లెలే దానిని చుట్టుకొని యున్నవి. ఇచ్చట అనేకుల యింటి భాష తెలుగు, కచేరి భాష కన్నడము, ఆసుపత్రి కాగితముల భాష ఇంగ్లీషు. ఈ మూడింటి నడుమ స్త్రీల ఆరోగ్యమునకు సంబంధించిన ముఖ్యవిషయ మొకటి జారిపోవుచున్నది. తెలుగు చెప్పుకొను ఉపాధ్యాయినికి వైద్యముతో పని యేమని పాఠకులు శంకింపవచ్చును. చిక్కు మొదట మాటలోనే యున్నది గనుక ఈ వ్యాసము వ్రాయ సాహసించితిని.

సంతానము చాలించుకొనుటకై చేయించుకొను శస్త్రచికిత్సను మనవారు "పిల్లల ఆపరేషను" అందురు. గర్భకోశమును తీసివేయుటను "పెద్ద ఆపరేషను" అనియో, "సంచి తీయించినాము" అనియో చెప్పుదురు. బడికి వచ్చు తల్లులలో నలువదేండ్లు నిండనివారు కూడ ఈ మాట చెప్పుట కలదు. "పిల్లోళ్లు పుట్టినాక ఆ సంచితో ఇంకేం పని టీచరమ్మా, తీపిచ్చేస్తే పీడ పోయె" అని ఒకామె యన్నది. ఆ "సంచి" అను మాటలో ఏయే అవయవములు ఇమిడియున్నవో చెప్పినామెకు తెలియదు. అడిగినను చెప్పగలవారు ఆ యింట లేరు.

ఇది ఒక్క తాలూకా సంగతి కాదు. 2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో గర్భకోశము తొలగింపబడినవారు దేశము మొత్తమున నూటికి 3.2 మంది. ఆంధ్రప్రదేశమున 8.9, తెలంగాణమున 7.7. దేశములోని రాష్ట్రములన్నింట ముందున్నవి మన తెలుగు రాష్ట్రములే. అట్టి చికిత్స జరిగిన సగటు వయస్సు సుమారు 34 ఏండ్లు. మూడింట రెండు వంతులు ప్రైవేటు వైద్యశాలలలో జరిగినవి. కర్ణాటకమున కలబురగి జిల్లాలో లంబాణీ, దళిత స్త్రీలకు అనవసరముగ ఈ చికిత్స చేయబడినదను విషయము 2015లో బయటపడి పెద్ద యలజడి కలిగించినది. నరేంద్ర గుప్తా అను వైద్యుడు 2013లో వేసిన ప్రజాహిత వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5వ తేదీన తీర్పు చెప్పుచు, కేంద్రప్రభుత్వము 2022లో వెలువరించిన మార్గదర్శకములను రాష్ట్రములు మూడు నెలలలో అవలంబింపవలెనని ఆదేశించినది. గడ్డలు, అదుపులేని రక్తస్రావము, క్యాన్సరు మున్నగువానికి ఈ చికిత్స ప్రాణరక్షకము కావచ్చును. దానిని నిందించుట నా యుద్దేశము కాదు. ఇప్పటికే చేయించుకొన్నవారి గతి యేమి అనునదే ఇచ్చటి ప్రశ్న.

గర్భకోశము బిడ్డను మోయు అవయవము. నెలనెల రక్తస్రావము దానినుండియే కలుగును. కాని ఈస్ట్రోజెన్ మొదలగు హార్మోనులను తయారుచేయునది అది కాదు. దాని కిరువైపుల బాదముగింజ పరిమాణమున నుండు రెండు అండాశయములు ఆ పని చేయును. వైద్యుడు గర్భకోశమును మాత్రమే తీసి అండాశయములను ఉంచవచ్చును. వానిని కూడ తీయవచ్చును. శరీరము దృష్టిలో ఇవి రెండు వేర్వేరు చికిత్సలు. మన వాడుకలో రెండింటికిని పేరొక్కటే.

అండాశయములు రెండును పోయినచో కొలది దినములలోనే ఈస్ట్రోజెన్ పడిపోవును. సహజముగా, మన దేశమున 46, 47 ఏండ్ల ప్రాంతమున, కొన్ని సంవత్సరములుగా మెల్లమెల్లగ రావలసిన మార్పు ఒక్కమారు వచ్చి పడును. అండాశయములు మిగిలినవారికి ఆ మార్పు వెంటనే రాదు. అయినను కొందరికి ముందుగా వచ్చును. అమెరికాలో 2011లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, అండాశయములు ఉంచబడినను, అవి ముందుగా చాలించుకొనుట ఇతర స్త్రీలకంటె సుమారు రెండింతలుగా కనబడినది. "ముట్లుడుగుట" అను మన మాట ఇచ్చట మోసము చేయును. ముట్టు ఆగినది చికిత్సనాడు; హార్మోనులు ఆగినది ఆనాడో, పదేండ్ల తరువాతనో. గుర్తుగా నిలువవలసిన ముట్టే లేకపోవుటచే ఆమెకు ఆ సంగతి తెలియదు.

కావున మొదట వెదుకవలసినది ఆసుపత్రివారు ఇంటికి పంపునాడిచ్చిన డిశ్చార్జి కాగితము. దానిలో "టి.ఏ.హెచ్." అని మాత్రమే యున్నచో గర్భకోశము తీసినట్లు. దాని ప్రక్క "బి.ఎస్.ఓ." అని యున్నచో రెండు అండాశయములును పోయినట్లు. "యు.ఎస్.ఓ." అనగా ఒకటి మాత్రమే పోయినది. కాగితము పోయినచో బయాప్సీ నివేదికయో, కడుపు స్కానింగో చెప్పును. బడిలో ఇంగ్లీషు అక్షరములు నేర్చిన పిల్లలు ఈ మూడక్షరములను వెదకి తల్లికి చూపగలరు.

ఇక లక్షణములు. ఒడలెల్ల ఒక్కసారిగా కాగి, ముఖమెఱ్ఱబారి, చెమట పట్టుట. నడిరేయి తడిసిన రవికతో మేలుకొనుట. నిద్రలేమి, గుండెదడ, ఊరక కన్నీరు, కోపము, మఱపు. వేసవిలో మన సీమ యెండను ఎఱిగినవారు మొదటిదానిని ఎండకే అంటగట్టుదురు. కోపమును కోడలి గుణమందురు, లేదా గాలి యందురు. పావగడ శనీశ్వరుని గుడిలో నూనె దీపము పెట్టుటకు ఎవరును అడ్డు చెప్పనక్కఱలేదు. దానితో పాటు తాలూకా ఆసుపత్రికి ఆ కాగితమును తీసికొనిపోవలెను. థైరాయిడు జబ్బును ఇట్టి లక్షణములనే కలిగించును గనుక ఆ రక్తపరీక్ష ముందు జరుగుట మేలు.

ఎముకల విషయమున మన తాలూకాకు ప్రత్యేకమైన చిక్కున్నది. ఇచ్చటి అనేక గ్రామముల బోరునీటిలో ఫ్లోరైడు హెచ్చు, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీరు త్రాగరాదు. ఈస్ట్రోజెన్ తగ్గి పలుచబడు ఎముకకు ఫ్లోరైడు తోడైనచో నడుము నొప్పి దేనిదో చెప్పుట కష్టము. "నీళ్ల నొప్పులు" అని ఊరకొనక చిన్నవయసున చికిత్స అయినవారు ఎముకల సాంద్రత చూపించుకొనవలెను. శుద్ధిచేసిన నీరు, ముద్దకు రాగులు (నూరు గ్రాములలో 340 మిల్లీగ్రాములకు పైబడి సున్నము గలదు), నువ్వులు, మునగాకు, ఉదయపు నడక, ఇవి మన యింటనే సాధ్యములు. "బరువెత్తరాదు" అను నియమము చికిత్స తరువాత కొన్ని వారములకే గాని జన్మాంతము కాదు.

హార్మోను మాత్రల యెడ గల భయమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అను పరిశోధనలో ఒక భాగము 2002లో అర్ధాంతరముగ ఆపివేయబడినది. రొమ్ము క్యాన్సరు హెచ్చెనను వార్త లోకమంతట ప్రాకినది. అందులోనివారు 50 మొదలు 79 ఏండ్లవారు. ఆ భాగములో ఇచ్చినవి రెండు హార్మోనులు. గర్భకోశము లేనివారికి ఈస్ట్రోజెన్ ఒక్కటే యిచ్చిన మరియొక భాగము 2004లో ఆగినది. అందు పక్షవాతము కొంత పెరిగినను రొమ్ము క్యాన్సరు పెరుగలేదు. ముప్పదియైదేండ్ల యామెకు ఆ వృద్ధస్త్రీల లెక్క వర్తింపజేయుట సరికాదు. అండాశయములు చిన్నవయసున పోయినవారికి సహజముగ ముట్లుడుగు వయస్సు వఱకు ఈస్ట్రోజెన్ ఇచ్చుట గుండెకును, ఎముకలకును రక్షణమని నేటి వైద్యుల మతము. రొమ్ము క్యాన్సరు వచ్చినవారు, కాలిలోనో ఊపిరితిత్తులలోనో రక్తము గడ్డకట్టినవారు, కాలేయవ్యాధి గలవారు దీనిని వాడరాదు; వారికి వేడిని తగ్గించు ఇతర మందులు కలవు. దుకాణమున అడిగి కొనుక్కొనదగిన మందు ఇది కాదు. రక్తపోటు, చక్కెర, కొవ్వు ఏటేట చూపించుకొనుట అందఱికిని అవసరము.

చివరిగ ఒక బాధను ఎవ్వరును నోట చెప్పరు. యోని పొడిబారి మంట పుట్టుట, మాటిమాటికి మూత్రమునకు పోవలసివచ్చుట, దంపతుల కలయిక నొప్పియగుట. మగవాడు అలుకయని భ్రమించును. ఆమె సిగ్గుచే ఊరకుండును. దీనికి పైపూతగా వాడు ఈస్ట్రోజెన్ లేపనము కలదు, శరీరమున కలియునది అత్యల్పము. మాట దొరకనివారు "అక్కడ ఎండిపోయినట్లున్నది" అని నర్సమ్మతో చెప్పినను చాలును, ఆమెకు తెలియును.