సంపు గోడను మట్టి ఎంత నెడుతుంది?

ఫ్లోరైడ్ బాధ ఉన్న మన మార్కాపురం, గిద్దలూరు పల్లెల్లో మంచినీటికి నేలలో సంపులు కడతాం. లోపలి నీరు గోడను నెట్టడం తెలుసు. బయటి మట్టి నెట్టడం మరచిపోతాం.

3 మీటర్ల లోతు చూద్దాం. ఘనపు మీటరు మట్టి 1.8 టన్నులైతే, అడుగున నిలువు ఒత్తిడి చదరపు మీటరుకు 5.4 టన్నులు. పైకప్పు, అడుగు పట్టి ఉంచడంతో గోడ కదలదు. అలాంటి గోడకు 1944లో హంగరీ ఇంజనీరు యాకీ ఇచ్చిన సూత్రం మేము చదువుకున్నాం. దాని ప్రకారం ఘర్షణ కోణం 30 డిగ్రీలున్న ఇసుక మట్టి అందులో సగం, అంటే 2.7 టన్నులతో పక్కకు నెడుతుంది. వానకు మట్టంతా నీటితో నిండితే, రెండూ కలిసి సుమారు 4.5 టన్నులు. నల్లరేగడి ఉబ్బితే ఇంకా ఎక్కువ.

ఎదురు నెట్టే నీరు లేనప్పుడే, అంటే సంపు ఖాళీ అయినప్పుడే గోడకు అసలు పరీక్ష. అందుకే చుట్టూ రేగడికి బదులు గరుసు నింపి, వాననీరు దూరంగా పోయేలా వాలు పెట్టాలి. ముసురు రోజుల్లో సంపు ఖాళీ చేసి కడగడానికి మనిషిని దింపవద్దని మా మనవి.