చేవెళ్ల బాట మఱ్ఱులు - డి.ఎన్.ఏ. ఎడముల సాక్ష్యము

హైదరాబాదునుండి చేవెళ్లకు పోవు బాటలో మొయినాబాదు దాటిన పిదప కనకమామిడి గ్రామము వచ్చును. ఈ బాట ఊడలు దించిన మఱ్ఱిచెట్లకు ప్రసిద్ధి. ఇవి నిజాముల కాలమున నాటినవని చెప్పుకొందురు. అప్పా కూడలినుండి మన్నెగూడ వఱకు గల 46 కిలోమీటర్ల బాటను వెడల్పు చేయ సంకల్పించినప్పుడు సుమారు 900 మఱ్ఱులు లెక్కకు వచ్చినవి. వీనిని కొట్టవలెనా, పెకలించి వేఱొకచోట నాటవలెనా, ఉన్నచోటనే ఉంచవలెనా అను వివాదము జాతీయ హరిత ట్రైబ్యునలు వఱకు పోయినది.

ఆ దారిని విద్యార్థులతో పోవుచుండగా ఒక బాలిక నన్నడిగినది: "సార్, కొన్ని పోతే ఏమి? మిగిలినవీ మర్రిచెట్లే గదా!" ప్రశ్న చిన్నదే. దాని జవాబు మాత్రము చెట్లను లెక్కించినంతనే దొరకదు.

మఱ్ఱి రెండు విధముల పెరుగును. బలమైన కొమ్మను నఱికి నేలలో పాతినచో అది వేళ్లు పోసికొని చెట్టగును. బాటప్రక్క నీడకొఱకు నాటువారికి ఇది సులువైన పద్ధతి. కాని ఇట్లు పెరిగిన చెట్టు తల్లిచెట్టుకు బిడ్డ కాదు; తల్లిచెట్టే. ఒక్క మఱ్ఱినుండి నూఱు కొమ్మలు తెచ్చి నాటినచో కంటికి నూఱు చెట్లు కనిపించినను, జన్యుదృష్టితో చూచినచో అవన్నియు ఒక్కటే. కదిరి ప్రాంతమున సుమారు 5 ఎకరములు పరచుకొని అడవివలె కనిపించు తిమ్మమ్మ మఱ్ఱిమాను ఒక్కటే చెట్టు గదా. అట్టిదానినే ముక్కలుచేసి బాటపొడవున పేర్చినట్లు ఊహింపుడు. విత్తనమునుండి మొలచిన మఱ్ఱి సంగతి వేఱు. యూప్రిస్టినా మేసొని అను నలుసంత కందిరీగ లేత మఱ్ఱికాయలోనికి దూరి, ఒక చెట్టు పుప్పొడిని మఱియొక చెట్టుకు చేర్చును. అందువలన ఒక్కొక్క విత్తనము ఒక్కొక్క క్రొత్త కలయిక.

చేవెళ్ల బాటలోనివి కొమ్మమఱ్ఱులైనచో పది చెట్లు పోయినను ఆ కలయిక తక్కినవానిలో నిలుచును. అయితే ఒకదానికి లొంగని తెగులుండదు, అన్నియు ఒకే తెగులుకు లొంగునను భయము కలదు. విత్తనపు మఱ్ఱులైనచో పోయిన ప్రతి చెట్టుతోను మరల రానిది ఒకటి పోవును. ఏది నిజమో తెలిసికొనుటకు ఆకులోని డి.ఎన్.ఏ.ను అడుగవలెను.

డి.ఎన్.ఏ. మొత్తము చదువ పనిలేదు. జీవశాస్త్రజ్ఞులు తఱచు ఆశ్రయించు చోటు ఒకటి కలదు. అది రైబోసోముల ఆర్.ఎన్.ఏ.ను తయారుచేయు జన్యువుల ప్రాంతము. కణములో ప్రోటీనులు తయారగు కర్మాగారములే రైబోసోములు. వీనికి వలయు ఆర్.ఎన్.ఏ. అపారము గనుక ఈ జన్యువులు ఒక్క ప్రతితో సరిపెట్టుకొనవు. మొక్కలలో వందలు, వేలు ప్రతులు క్రోమోసోముపై ఒకదాని వెనుక నొకటి బారులు తీరియుండును. ఒక్కొక్క ప్రతిలో 18ఎస్, 5.8ఎస్, 26ఎస్ అను మూడు జన్యువులు ఇదే వరుసలో ఉండును. వాని నడుమనున్న రెండు చిన్న ఎడములకు ఐ.టి.ఎస్.-1, ఐ.టి.ఎస్.-2 అని పేర్లు. ఒక ప్రతికిని తరువాతి ప్రతికిని నడుమ గల పెద్ద ఎడమును ఐ.జి.ఎస్. అందురు. ఈ ఎడములనే శాస్త్రజ్ఞులు స్పేసరులని వ్యవహరింతురు.

మొయినాబాదు ప్రాంతపు తోటల పూలతో దండలు కట్టువారిని చూడుడు. పూవులు ఒకే రకమైనను, పూవుకు పూవుకు నడుమ విడుచు దారము చేయి మారినకొలది మారును. రైబోసోము జన్యువులు పూవుల వంటివి. వానిలో తప్పు దొరలినచో రైబోసోము కుంటుపడును, ఆ జీవి నిలువదు. కనుక మఱ్ఱికిని మామిడికిని కూడ వానిలో భేదము స్వల్పము. ఎడములు దారము వంటివి. ఐ.టి.ఎస్.కు ఆర్.ఎన్.ఏ. నకలు తయారగును గాని, పిదప కత్తిరింపబడి పోవును, రైబోసోములో చేరదు. అందుచేత అక్కడ మార్పులు తేలికగా నిలిచిపోవును.

మాఱని జన్యువుల నడుమ మాఱెడి ఎడము ఉండుట పరిశోధకునికి గొప్ప సదుపాయము. 1983లో కారీ ముల్లిస్ కనిపెట్టిన పి.సి.ఆర్. పద్ధతిలో డి.ఎన్.ఏ. ముక్కను కోట్లకొలది నకళ్లుగా పెంచవచ్చును. కాని ఆ ముక్క రెండు అంచులకు అతుకుకొను ప్రైమరులు కావలెను. అంచులు అన్ని మొక్కలలోను ఇంచుమించు ఒకటే గనుక, ఎన్నడును చదువని మొక్కకు సైతము పాత ప్రైమరులే పనికివచ్చును. 1990లో థామస్ వైట్ మొదలగువారు శిలీంధ్రముల కొఱకు సిద్ధము చేసిన ప్రైమరులు మొక్కల పరిశోధనలోను వాడుకకు వచ్చినవి.

మఱ్ఱి కుటుంబపు చరిత్ర కూడ ఇట్లే తెలిసినది. మఱ్ఱి, రావి, మేడి - ఇవన్నియు ఫైకస్ ప్రజాతికి చెందినవి. ఈ ప్రజాతిలో 750కి పైగా జాతులు కలవు. 2005లో నీనా రోన్‌స్టెడ్ మొదలగువారు ఈ చెట్ల ఐ.టి.ఎస్.ను, ఐ.జి.ఎస్. అంచుననుండు ఇ.టి.ఎస్. భాగమును చదివి, కందిరీగల వంశవృక్షముతో పోల్చి చూచిరి. చెట్టును కీటకమును సుమారు 6 కోట్ల సంవత్సరములుగా జతగా చీలుచు వచ్చినవని వారు నిర్ణయించిరి. పాఠములో ఒక్క వాక్యముతో దాటివేయు మఱ్ఱికాయ ఇంత పురాతనమైన ఒప్పందమును మోయుచున్నది!

మన ప్రశ్నకు మాత్రము ఐ.టి.ఎస్. చాలదు. కారణము విచిత్రమైనది. బారులు తీరిన వేలాది ప్రతులు వేటికవి మాఱుచు పోక, ఒక ప్రతిని చూచి మఱియొకటి దిద్దుకొన్నట్లు కాలక్రమమున ఏకరూపము పొందును. అందువలన ఐ.టి.ఎస్. మఱ్ఱిని రావినుండి వేఱుచేయగలదు. మఱ్ఱిని మఱ్ఱినుండి వేఱుచేయుట దానికి కష్టము.

ఇక్కడ ఐ.జి.ఎస్. కొంత సాయపడును. దానిలో చిన్న చిన్న ముక్కలు మరల మరల వచ్చును. ఆ ముక్కల సంఖ్య మాఱినప్పుడు ఎడము నిడివి మాఱును. 1984లో సఘాయ్ మరూఫ్, అల్లార్డ్ మొదలగువారు బార్లీలో ఈ నిడివి భేదములు 115 క్షారజంటల మెట్లుగా వచ్చునని, మెండెల్ సూత్రముల ననుసరించి సంతతికి సంక్రమించునని చూపిరి. ఒకే జాతిలోని వైవిధ్యమును కొలుచుటకు ఎడములు పనికివచ్చునని అట్లు ఋజువైనది. ఆ వ్యాసములోని సి.టి.ఎ.బి. పద్ధతి, అనగా ఆకునుండి డి.ఎన్.ఏ. తీయు విధానము, అసలు ఫలితములకంటె ఎక్కువ ప్రసిద్ధి పొందుట ఒక వింత.

ఇక చేవెళ్ల బాట మఱ్ఱులను పరీక్షింప దలచినవారు ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. రెండు చెట్ల ఐ.జి.ఎస్. నిడివులు స్పష్టముగా వేఱైనచో అవి ఒకే చెట్టు కొమ్మలు కావని చెప్పవచ్చును. నిడివులు ఒకటైనంత మాత్రమున ఒకే చెట్టని చెప్పరాదు. అన్నదమ్ములకు ముక్కుతీరు కలిసినట్లు అది కలిసియుండవచ్చును. అప్పుడు మైక్రోశాటిలైటులు అను వేఱు గుర్తులను కూడ చూడవలెను. మఱియు ఒకే చెట్టులో సైతము ప్రతులన్నియు సమానముగా ఉండకపోవచ్చును గనుక, ముందుగా ఒక చెట్టు రెండు కొమ్మల ఆకులను పోల్చి చూచుట మంచిది.

ఆకులు లేతవిగా ఉండవలెను. మఱ్ఱిపాలు, జిగురు పదార్థములు డి.ఎన్.ఏ.తో పాటు వచ్చి పి.సి.ఆర్.ను చెడగొట్టును, వానిని వదలించుటకే సి.టి.ఎ.బి. కోసిన వెంటనే ఆకును సిలికా జెల్‌లో ఎండబెట్టి, సంచిపై చెట్టు సంఖ్యను, అది నిలిచిన చోటును వ్రాయవలెను. పెకలించి వేఱొకచోట నాటిన చెట్టైనచో అది మునుపు నిలిచిన చోటును కూడ వ్రాయవలెను. లేనిచో ఏ చెట్టు ప్రక్క ఏది పెరిగినదో పిమ్మట తేలదు.