రాగి పొరలో పరమాణువు నడక: 17 లక్షల ఏళ్ల గెంతు, గంటలో కొలత

రాగి కరిగేది 1085 డిగ్రీల సెల్సియస్ దగ్గర. 80 డిగ్రీల్లో దాని స్ఫటికం లోపల వ్యాపన గుణకం (పరమాణువులు ఎంత త్వరగా చెదురుతాయో చెప్పే అంకె) సెకనుకు సుమారు 2×10⁻³⁴ చదరపు మీటర్లు. లెక్కగడితే, ఒక పరమాణువు పక్కనున్న స్థానంలోకి ఒక్కసారి గెంతడానికి సగటున 17 లక్షల ఏళ్లు.

అయితే మామూలు లోహం ఒకే స్ఫటికం కాదు, చిన్న స్ఫటిక రేణువుల గుంపు. రేణువుకూ రేణువుకూ మధ్య సరిహద్దులో పరమాణువుల అమరిక వదులుగా ఉంటుంది. అదే 80 డిగ్రీల్లో అక్కడి విలువ 6×10⁻²⁴, అంటే మూడు వేల కోట్ల రెట్లు ఎక్కువ. సరిహద్దు మందం అర నానోమీటరే. రేణువు 10 మైక్రాన్లుంటే ఆ సరిహద్దులు లోహంలో 0.015 శాతం, 10 నానోమీటర్లుంటే దాదాపు 15 శాతం. చిప్పుల్లోని రాగి తీగలు త్వరగా పాడవుతాయా, నిలుస్తాయా అన్నది కొంతవరకు ఈ సరిహద్దుల మీద కూడా ఆధారపడుతుంది.

ఇంత చిన్న కదలికను ఎలా కొలుస్తారు? రేడియోధార్మిక పరమాణువులను పైన పూసి, వేడిచేసి, పొరపొరగా కోసి చూడటం పాత పద్ధతి. వంద నానోమీటర్ల పొరలో కోయడానికి ఏముంటుంది? దారి చూపింది 1940లో డ్యూమాండ్, యూట్జ్. రాగి, బంగారం కలిసిన పొరలో వాటి పాళ్లు ఒక క్రమంలో మారేలా చేసి, ఎక్స్-కిరణాల పరావర్తనం రోజురోజుకీ తగ్గడం గమనించారు. పరమాణువులు కలిసేకొద్దీ ఆ క్రమం చెదిరి, దానివల్ల వచ్చే పరావర్తన శిఖరం కుంగుతుంది.

3 నానోమీటర్లకోసారి తిరిగి వచ్చే పొరల్లో, గంట వేడికి శిఖరం 10 శాతం తగ్గిందనుకోండి. వ్యాపన గుణకం 3×10⁻²⁴ అవుతుంది. పరమాణువుల సగటు కదలిక 0.15 నానోమీటర్లు, ఒక పరమాణువు వెడల్పు కన్నా తక్కువ! పొరల కొలతల్లో ఇంత పొదుపైన ఉపాయం నాకు మరొకటి కనబడలేదు.

ఇనుములో ఇనుమే కదిలితే? ఎక్స్-కిరణాలకు ఐసోటోపుల తేడా తెలియదు, న్యూట్రాన్లకు తెలుస్తుంది. న్యూట్రాన్లను చెదరగొట్టే పొడవు మామూలు ఇనుముకు 9.45 ఫెంటోమీటర్లు, ఇనుము-57కు 2.3. అందుకే రెండింటినీ ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. ఇండోర్‌లోని యూజీసీ-డీఏఈ కన్సార్షియం పరిశోధకులు ఇనుప పొరల మీద ఈ పని చేశారు.

చిక్కల్లా కొలిచే వస్తువు నిలకడగా ఉండకపోవడం. వేడికి సరిహద్దులు సర్దుకుంటాయి, రేణువులు పెరుగుతాయి. మొదటి గంటలోని వేగం తర్వాత ఉండదు. 1987లో హోర్వాత్, బిరింగర్, గ్లైటర్ 8 నానోమీటర్ల రేణువుల రాగిలో 80 డిగ్రీల దగ్గర వ్యాపన గుణకం 2×10⁻¹⁸గా చూశారు. ఇది మామూలు సరిహద్దు విలువకు మూడు లక్షల రెట్లు! కానీ అది సూక్ష్మ పొడిని అదిమి చేసిన నమూనా. తర్వాత దట్టంగా, సర్దుకున్న సరిహద్దులతో తయారైన నమూనాల్లో విలువలు మామూలు సరిహద్దుల దగ్గరికే వచ్చాయి. కాబట్టి ఏ నానో లోహానికైనా వ్యాపన గుణకం చదివినప్పుడు రేణువు ఎంత, ముందుగా ఎంత వేడిచేశారు అన్నవి పక్కన లేకపోతే ఆ అంకెను నమ్మకండి.